అత్తమ్మ వేలు

"అత్తమ్మా, పళ్ళెంల ముక్కలేవి?"

స్రవంతి వంటింటి గడప మీదే నిలబడిపోయింది. చీర కుచ్చిళ్ళు సగం చేతిలో ఉన్నాయి, సగం నేల మీద జీరాడుతున్నాయి. పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచిన స్టీలు పళ్ళెం ఇప్పుడు శుభ్రంగా తోమి బోర్లించి ఉంది. పొయ్యి మీద కుక్కర్ ఎక్కి కూర్చుని, ఇంటిల్లిపాదికీ వినబడేలా ఒక విజిల్ వేసింది.

రాణి కొంగుతో చేతులు తుడుచుకుని, ఘనకార్యం చేసినదానిలా కుక్కర్ వైపు గడ్డం ఎగరేసింది.

"అండ్లనే ఉన్నయి బిడ్డా. పరేషాన్ గాకు. ఇంకొక్క విజిల్ వస్తే దూదిలెక్క అయితయి."

"కుక్కర్ల ఏసినవా?"

"మరేం జేయాలె? మూత తీసి చూస్తి. పళ్ళెం నిండ ఎర్రటి నీరు. మీద కాలింది, నడుమ పచ్చిగనే ఉన్నది. వచ్చేటోళ్ళు పెద్దోళ్ళాయె. వాళ్ళ ముందట నీ ఇజ్జత్ పోవద్దని జరంత ఉప్పు, పసుపేసి పెట్టిన. చీర మార్చుకునే హడావుడిల మర్చిపోయినవనుకున్న."

స్రవంతి ఒక్క ఉరుకున వెళ్ళి, గుడ్డ కూడా పట్టుకోకుండా, కుడిచేత్తో విజిల్ లేపింది, ఎడమచేత్తో మూత పట్టుకుంది. ఆవిరి భుస్సున ఎగజిమ్మింది.

"అయ్యో దేవా!" రాణి కోడలి రెండు చేతులూ లాగి కుళాయి కింద పెట్టింది. పొయ్యి కట్టేసింది. "పిచ్చి గిట్ల లేసిందానే నీకు? ఉత్త చేతులతోని పట్టుకుంటరా?"

వేళ్ళ కొసలన్నీ ఎర్రగా కందిపోయాయి. అరచేతులకు మాత్రం ఏమీ కాలేదు. స్రవంతి పెదవి బిగబట్టి నీళ్ళ వైపే చూస్తోంది. ఆ చూపు రాణికి అర్థం కాలేదు. కాలినందుకు ఏడ్చే ముఖం కాదది, ఇంకేదో పోయినట్టుంది.

ముందుగదిలో కుర్చీలు తుడుస్తున్న శ్యాం పరుగున వచ్చాడు. భార్య చేతులు చూశాడు, కుక్కర్ చూశాడు, తల్లిని చూశాడు.

"ఏమైంది?"

రాణి కోడలి చేతుల్ని నీళ్ళ కిందే పట్టుకుని ఉంది. కుళాయి ధారగా పోస్తూనే ఉంది.

"చెప్పుండ్రి. ఏమైంది?"

"సగం కాల్చిన ముక్కలు అత్తమ్మ కుక్కర్ల పెట్టింది," అంది స్రవంతి, తల తిప్పకుండానే.

శ్యాం నెత్తి పట్టుకున్నాడు. "రెండా?"

"రెండు."

"శ్రీపాల్ సారు ఇప్పుడే ఫోన్ జేసిండు. ఘనపూర్ దాటిన్రంట. ఇగ వాళ్ళకేం పెడ్తవ్ అవ్వా? జనగామ రోడ్డు మీద అంత పెద్ద హోటల్ తెరుస్తున్నరు. స్రవంతిని పెద్ద వంటమనిషిగ పెట్టుకోవాల్నా వద్దా చూడనీకే గదా గింత దూరం వస్తున్నరు! వాళ్ళ హోటల్ల ఇంకా పొయ్యిలు బిగియ్యలేదు, మీ ఇంట్లనే వండి చూపెట్టుమన్నరు. ఆ శ్రేయ మేడం ఏమన్నది? నాకు స్టేక్ కావాలె, పెనం మీద కాల్చిన మందం ముక్క, నడుమ గులాబిరంగు ఉండాలె, మా నాయినకు పూర్తిగ ఉడకాలె, రెండూ కోసి చూడకుండ చెయ్యాలె అన్నది. నీ ముందటనే గదా స్రవంతి చెప్పింది!"

"చెప్పింది," అంది రాణి. "గులాబిరంగంటే రంగేస్తరనుకున్న. హోటల్ల కోడి కాళ్ళకు ఎర్రరంగు పుయ్యరా?"

మామూలు రోజైతే ఈ మాటకు ఇల్లంతా నవ్వేది. ఇవాళ శ్యాంకు నవ్వు రాలేదు.

"నీకు తెల్వక చెయ్యలే. కావాల్నే చేసినవ్."

రాణికి చెంప మీద కొట్టినట్టయింది.

"ఏమన్నవ్ రా?"

"కావాల్నే చేసినవన్న. వారం నుంచి అదే పాట గదా నీది. జనగామ పోతే కొడకండ్ల పక్కనే, కోడలు మల్ల తల్లిగారింటిదైతదని. మీరు పోతే పొండ్రి, నేను గీ క్వార్టర్ దాట, నా చర్చి ఇడిచిపెట్టి రాను అని. ఇగ పోకుండ చేసినవ్. సంబురమైందా?"

వసారాలో పేపర్ చదువుకుంటున్న తండ్రి ప్రభుదాస్ అక్కణ్ణించే గద్దించాడు. "శ్యాం! తల్లితోని మాట్లాడే తీరేనా అది?" తెల్లవారుజాము షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, అతిథులొస్తున్నారని కొత్త చొక్కా తొడుక్కున్నాడాయన. గనిలో ఎంత కేకలేసినా ఇంట్లో ఆయన గొంతు లేవడం అరుదు. అది విని శ్యాం నోరు మూసుకున్నాడు. కానీ ముఖం మాత్రం అలాగే ఎర్రగా ఉంది.

రాణి ఏమీ అనలేదు. అదే అందరినీ భయపెట్టింది. రాణి, ఎవరైనా ఒక మాటంటే నాలుగు తిరిగి ఇవ్వకుండా ఊరుకునే మనిషి కాదు మరి. నల్లా దగ్గర, రేషన్ షాపు దగ్గర, ఆఖరికి పాస్టరుగారి భార్యతో కూడా ఆమెది పైచెయ్యే. అలాంటిది కొడుకు అంత మాటంటే, కింద పడిన మసిగుడ్డ తీసి, మడత పెట్టి, గట్టు మీద పెట్టి, మళ్ళీ దాన్నే విప్పి మడత పెడుతోంది.

నిజంగా కావాలని చేశానా అని తనను తానే అడుగుతోందామె. దేవుడి ముందు నిలబడి చెప్పమన్నా చెప్తుంది, కాదు. ఆ ఎర్రటి నీరు చూడగానే ఆమె భయపడిన మాట నిజం. అయితే ఇంకొకటి కూడా నిజమే. కుక్కర్ మూత బిగిస్తున్నప్పుడు కొంచెం సంతోషం వేసింది. హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో పని నేర్చుకుని వచ్చిన పిల్ల, అయినా నేను లేకపోతే కూర పచ్చిది పెట్టేదే కదా అనుకుంది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

"ఆమెను ఏమనకు," అంది స్రవంతి.

శ్యాం అటు తిరిగాడు.

"ఖరాబు జేయాలనుకున్నోళ్ళు ఉప్పు పిడికెడు ఏస్తరు. పసుపు సరిజూసి ఎందుకేస్తరు? నాది సుత తప్పున్నది. సగం కాల్చి పక్కన పెట్టిన, వాళ్ళు కూసున్నంక మిగిలిన సగం కాలుస్త అని అత్తమ్మకు చెప్పాలె. చెప్పలే. హైదరాబాద్ హోటల్ వంటింట్ల ఉన్నట్టే మూతపెట్టి పోయిన." కుళాయి కట్టేసి అత్త వైపు చూసింది. "అది నెత్తురు గాదు అత్తమ్మా. ముక్కల ఉండే ఊట."

"ఊటనో గీటనో," అంది రాణి. మసిగుడ్డ పక్కన పడేసింది. "చేతులు చూపెట్టు."

గూట్లోంచి దవాఖానలో ఇచ్చిన కాలిన గాయాల మందు తెచ్చి, వేళ్ళకు ఒక్కొక్కదానికి పూసింది. పదివేళ్ళూ తెల్లగా మందు కప్పుకుని, ఏదీ ముట్టుకోవడానికి వీల్లేకుండా గాల్లో నిలబడ్డాయి. వాటిని చూసి శ్యాం కోపం సగం దిగిపోయింది. మెల్లగా అన్నాడు.

"సారుకు ఫోన్ జేసి ఇంకోనాడు రమ్మంటనా?"

"ఇంకోనాడు వాళ్ళు రారు. సూర్యాపేట నుంచి వంటాయన ఒకడు రెడీగ ఉన్నడని ఫోన్‌ల చెప్పలేదా? ఇయ్యాల అయితే అయితది, లేకపోతే లేదు," అంది స్రవంతి.

"మరి మాంసం?"

"ఫ్రిజ్‌ల ఒక ముక్క మిగిలున్నది. ముందుగాల నేనొకటి కాల్చి చూసుకుందామని మూడు కోయించిన."

"కుక్కర్‌లవి నేను చూసుకుంట," అంది రాణి చటుక్కున. "పెద్దసారుకు పూర్తిగ ఉడకాలన్నరు గదా? ఉడికినయి. మిరియాలేసి నెయ్యిల ఎర్రగ వేపుత. ఎవ్వడు తప్పు పడ్తడో చూస్త."

స్రవంతి పెదవి మీదికి నవ్వులాంటిదేదో వచ్చింది, మళ్ళీ పోయింది. తన వేళ్ళ వైపు చూసుకుంది.

"రెండోదే పరేషాన్. ఉడికిందో లేదో ముక్కను ఒత్తి చూడాలె. కత్తి పెడితే ఊటంత కారి ఎండిపోతది, కోసి చూసిన గాటు శ్రేయ మేడం కంట్ల పడ్తది. వేలుతోనే తెలియాలె. నాకు గీ వేళ్ళకు ఏం తెల్వట్లే."

"నేనొత్తనా?" అన్నాడు శ్యాం. లారీ ఇంజన్లు విప్పే చేతులు ముందుకు చాపాడు. స్రవంతి ఆ చేతుల్ని ఓసారి చూసి తల అడ్డంగా ఊపింది.

"అత్తమ్మ ఒత్తాలె."

శ్యాం ఒక్క క్షణం భార్య వైపు, ఇంకో క్షణం తల్లి వైపు చూశాడు. అతని మనసులో ఏముందో గదిలో అందరికీ తెలుసు. అవ్వ ఈసారి కావాలనే చెడగొడితే?

ఈ కాలనీలో రాణి వేలంటే ఒక పేరుంది. క్రిస్మస్‌కైనా, ఎవరింట్లో ప్రేమవిందైనా, పెద్ద పెద్ద డేగిసాల్లో యాటమాంసం కూర వండేది ఆమే. పాస్టరుగారి ప్రార్థన కాకముందు వండిన చెయ్యి నోట్లో పెట్టుకోకూడదని ఆమె పట్టు. తన తల్లి పట్టింది, ఆమె పట్టింది. ఉప్పు చూడదు, ముక్క కొరకదు. గరిటె మీదికి ఒక ముక్క తీసి, బొటనవేలు చూపుడువేలు మధ్య నొక్కి, "దించుండ్రి" అంటుంది. అప్పుడు దించుతారు. ఆ దించిన కూర గట్టిగా ఉందని అన్నవాళ్ళు లేరు. అయితే ఆ వేలికి తెలిసింది ఒకటే, ముక్క ఎముక నుంచి జారిపోయే మెత్తదనం. సగంలో ఆపడమనేది దానికి తెలియదు.

"నాతోని కాదు," అంది రాణి. "నాకు పచ్చిది పచ్చిగనే కనబడ్తది. నేను ఇంకా ఉడకనీ అంట. మల్ల నీ మొగడు నన్నే అంటడు."

"నీ కొడుకే," అంది స్రవంతి. "ఇటు రా అత్తమ్మా. బొటనవేలు, నడిమివేలు కొసలు కలుపు. గట్టిగ వద్దు, ఊకె తాకించు. ఇగో, బొటనవేలు మొదట్ల గీ కండ ఉన్నది చూడు. ఇంకో చేత్తోని ఒత్తు. ముక్క గట్ల కావాలె."

రాణి ఒత్తి చూసుకుంది. ఇన్నేళ్ళూ డేగిసాలు మోసి, కట్టెలు కొట్టి, బట్టలు ఉతికిన చెయ్యి. ఏ వేలు కలిపినా ఆ కండ ఒక్క తీరుగానే ఉంది.

"నాది చెక్కలెక్క ఉన్నది. గిట్ల అయ్యేదాక కాల్స్తే నీ ముక్క బొగ్గైతది."

వసారాలో ప్రభుదాస్ పేపర్ వెనక నవ్వాడు. ఈసారి శ్యాం కూడా మూతి బిగించుకోవాల్సి వచ్చింది.

"అయితే నాది ఒత్తు," అని స్రవంతి అరచెయ్యి చాపింది. మందు పూసిన వేళ్ళు కొసలు తాకిస్తుంటే చురుక్కుమంది కాబోలు, కళ్ళు చిట్లించింది. "చెయ్యి చాపి ఉంచితే పచ్చిది. చూపుడువేలు కలిపితే జర కాలింది. నడిమివేలు కలిపితే శ్రేయ మేడంది. చిటికెనవేలు దాక పోతే మొత్తం ఉడికింది. నడిమివేలు కాడ ఆగితే నా వంట, చిటికెనవేలు కాడికి పోతే నీ వంట."

రాణి కోడలి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. నొక్కింది. ఇంకోసారి నొక్కింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఈ పిల్లకు పెట్టింది, పోసింది, తిట్టింది. చెయ్యి పట్టుకోవడం మాత్రం ఇవాళే. ఎంత చిన్న చెయ్యి, అనుకుంది. ఈ చేత్తో అంత పెద్ద హోటల్ ఎలా నడుపుతుందో అనుకుంది.

"ఇంకోసారి కలుపు," అంది కరుకుగా. "నడిమిది."

బయట కారు ఆగిన చప్పుడైంది.

"వందనాలు సార్, రండి రండి!" ప్రభుదాస్ గొంతు వినబడింది. శ్యాం చొక్కా సర్దుకుంటూ ముందుకు వెళ్ళబోయి, ఆగి, భార్య చెవిలో అన్నాడు. "చేతులు కొంగుల పెట్టుకో. వాళ్ళకు తెల్వద్దు."

స్రవంతి పెనం కింద మంట పెంచమని అత్తకు సైగ చేసింది.

ముందుగదిలో మాటలు మొదలయ్యాయి. రోడ్డు ఎలా ఉందో, పత్తి ఎలా ఉందో, ప్రభుదాస్ ఇంకా ఎన్నేళ్ళు గనిలో దిగాలో. శ్రీపాల్ గొంతు పెద్దది, ఇల్లంతా నిండింది. పొలాలు, రైస్ మిల్లు ఉన్న మనిషి, తమ ఇంటికి వచ్చి కూర్చోవడమే రాణికి వింతగా ఉంది. తమ పొయ్యి మీద వండింది తింటాడట కూడా. అందుకే మధ్యాహ్నం నుంచి ఆమె కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది.

"పెనం కాగింది," అంది స్రవంతి. "ఎయ్యి."

రాణి పట్టకారుతో ముక్కను పెనం మీద వేసింది. బొటనవేలంత మందం, అరచెయ్యంత వెడల్పు, ఎముకతో సహా కోసిన గొర్రెపిల్ల తొడ మాంసం. చుయ్యిమని గట్టిగా అరిచింది పెనం. స్రవంతి చెవి అటు పెట్టి, కళ్ళు మూసుకుంది.

"కదపకు. కదపకు అత్తమ్మా."

"మాడుతదే!"

"మాడది. ఆ చప్పుడు జర సన్నగయితది, అప్పుడు తిప్పు. ఆగు... ఆగు... ఇగ తిప్పు."

తిప్పింది. పైన చక్కని ఎర్రటి మట్టిరంగు వచ్చింది. వాసనకు రాణికి కూడా నోట్లో నీళ్ళు ఊరాయి, అయితే ఆ సంగతి ఒప్పుకునే మనిషా ఆమె! రెండో పొయ్యి మీద నెయ్యి వేసి కుక్కర్ ముక్కలు కూడా పరిచింది. మిరియాల ఘాటు లేచింది. ఆ పని ఆమె చెయ్యి చూడకుండానే చేసుకుపోతోంది. చూపంతా ఈ ముక్క మీదే ఉంది.

"ఒత్తు."

కోడలి అరచెయ్యి నొక్కింది. ముక్క నొక్కింది. "పచ్చిగనే ఉన్నది."

"ఏ వేలు?"

"ఏ వేలూ కాదు. చెయ్యి చాపినట్టే ఉన్నది."

కాసేపాగి మళ్ళీ. "చూపుడువేలు."

ముందుగది నుంచి శ్రేయ గొంతు వినిపించింది. "స్మెల్ మస్తు వస్తుంది నాన్నా. లోపలికెళ్ళి చూడనా?" వెంటనే శ్యాం గొంతు, కంగారుగా, "కూసోండి మేడం, పొగుంటది, కూసోండి."

రాణి మళ్ళీ కోడలి చెయ్యి పట్టుకుంది. నొక్కింది. ముక్క మీద వేలు పెట్టింది.

అదే. కొంచెం దిగి, మళ్ళీ వేలును పైకి నెట్టింది. నడిమివేలు కలిపినప్పటి కండ ఇదే. తప్పేం లేదు, ఇదే.

కానీ ఆమె ఒళ్ళంతా వద్దంటోంది. ఇంతకాలం వండిన వంటంతా ఒక్కసారి లేచి వచ్చి, ఇంకా ఉడకనియ్యవే, ఇంకా జరసేపు అంటోంది. దానికి తోడు ఇంకో గొంతు, చాలా మెత్తగా, ఇంకొకటి చెప్తోంది. ఇంకొంచెంసేపు ఊరుకుంటే చాలు. ముక్క లోపల కూడా తెల్లగా అయిపోతుంది. శ్రేయ మేడం పెదవి విరుస్తుంది. ఉద్యోగం సూర్యాపేట వంటవాడికి దక్కుతుంది. పిల్లలు ఇక్కడే ఉంటారు, ఈ ఇంట్లోనే, ఈ పక్కగదిలోనే. కావాలని చేశావని ఎవరూ అనలేరు. చెయ్యి కాలింది కోడలికి, వేలు పాతది అత్తకు. ఎవరికి తెలుస్తుంది?

స్రవంతి కళ్ళు తెరిచింది. "ఏ వేలు అత్తమ్మా?"

అడిగి ఊరుకుంది. అత్త చెప్పేది నిజమో కాదో చూసుకునే దారి ఆమెకు లేదు. ఆ పిల్ల ముఖంలో అనుమానమన్నది ఇసుమంతైనా లేదు.

రాణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరియాల ఘాటు అనుకుంటే అనుకోనీ.

"నడిమివేలు," అంది. "తియ్యాలె. ఇప్పుడే తియ్యాలె."

తనే తీసింది. పళ్ళెంలో పెట్టి, గిన్నె బోర్లించింది.

"జరసేపు పండనియ్యాలె," అంది స్రవంతి. "లోపల ఉడుకు సదురుకుంటది."

"ఎర్కనే. డేగిస దించినంక సుత కూర ఉడుకుతనే ఉంటది. గా మాత్రం తెల్వదా నాకు?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "ముక్కను పండవెట్టుడు, జోకొట్టుడు! పిల్లనా ఏంది?"

స్రవంతి ఈసారి నిజంగానే నవ్వింది.

పళ్ళేలు ముందుగదికి వెళ్ళాయి. శ్రీపాల్ చెయ్యి సాచబోయాడు గానీ ప్రభుదాస్ అప్పటికే కళ్ళు మూసుకున్నాడు. "పరలోకమందున్న మా తండ్రీ..." అని మొదలైంది. వచ్చిన అతిథుల కోసం, వాళ్ళు వచ్చిన బండి కోసం, గనిలో రెండో షిఫ్టులో ఉన్నవాళ్ళ కోసం, వానల కోసం, పత్తి ధర కోసం. శ్రీపాల్ చెయ్యి వెనక్కి తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని, మర్యాదగా తల వంచాడు. శ్యాం మామూలుగా ఈ ప్రార్థనకు గొణుగుతాడు. స్రవంతి మాత్రం గడప దగ్గర నిలబడి, ఇంకొంచెం, ఇంకొంచెం అన్నట్టు పెదవులు కదుపుతోంది. మామ ఆమెన్ అనేసరికి ముక్కకు కావలసిన విశ్రాంతి సరిగ్గా దొరికింది.

శ్రేయ కత్తి పెట్టింది. రాణి గడప వెనక నుంచి తొంగి చూసింది.

లోపల గులాబిరంగు. అంచుల్లో గోధుమరంగు, నడుమ లేతగా కనబడే గులాబి. పళ్ళెంలోకి ఊట పరుగులు తీయలేదు, ముక్కలోనే ఉండిపోయింది. శ్రేయ ఒక బుక్క నోట్లో పెట్టుకుని, నమిలి, ఏమీ అనకుండా ఇంకో బుక్క కోసుకుంది. మూడో బుక్క కూడా తిన్నాక తలెత్తింది.

"నాన్నా, ఇదే. నేను అడిగింది ఇదే."

శ్రీపాల్ మిరియాల ముక్కతో తీరిక లేకుండా ఉన్నాడు. ఎముక పట్టుకుని చప్పరిస్తూ, "ఇదెవరు చేసిన్రు? ఇది హోటల్ వంట కాదు, ఇది మా అవ్వ వంట," అన్నాడు.

శ్యాం ముఖం వెలిగిపోయింది. ఇంతలో స్రవంతి కొంగులోంచి చేతులు బయటికి తీసింది.

"మేడం, ఒక మాట చెప్పాలె."

శ్యాం వద్దు వద్దని కళ్ళతోనే అడ్డం పడ్డాడు. ఆమె చూడలేదు.

"నా చేతులు కాలినయి. మంట నేను చూసిన, చప్పుడు నేనిన్న, ఎప్పుడు తిప్పాల్నో నేను చెప్పిన. ఉడికిందా లేదా ఒత్తి చెప్పింది మాత్రం మా అత్తమ్మ. సారు తిన్నది సుత అత్తమ్మ చేసిందే."

శ్రేయ కత్తి పక్కన పెట్టింది.

"అంటే పరీక్ష మీది కాదు కదా స్రవంతిగారు? నేను అడిగింది అదొక్కటే, ఉడికిందని మీ వేలుకు తెలుసా అని. అది ఆంటీ చేశారు."

"అవును మేడం."

"ఆంటీ ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్ల చేశారా?"

"బతుకుల మొదటిసారి," అంది రాణి గడప వెనక నుంచి. ఉండబట్టలేక బయటికి వచ్చేసింది. "ఇట్లాంటి పచ్చి కూర మా ఇంట్ల ఎన్నడన్న పెడితే నన్ను చర్చిలకు రానియ్యకపోదురు. అది నేర్పితే నేర్సిన. అరచెయ్యి నాకిచ్చి, ఒత్తి చూడుమన్నది. నా వేలుకు తెల్వది మేడం. దానికే తెలుసు. నేను ఒత్తింది దాని చెయ్యినే."

శ్రేయ తండ్రి వైపు చూసింది. శ్రీపాల్ ఎముక పళ్ళెంలో పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి, నిదానంగా కూర్చున్నాడు.

"బిడ్డా శ్రేయా, మన వంటింట్ల ఎంతమంది ఉంటరు?"

"పన్నెండు మంది."

"పెద్ద వంటమనిషి అందరి ముక్కలు తనే ఒత్తుతదా? కూలీల అడ్డమీద నుంచి వచ్చినోడికి సుత పని నేర్పాలె, నేర్పినంక నమ్మాలె. గీమె ఎవరికి నేర్పింది? పచ్చి ముక్క చూస్తే కుక్కర్ల ఏసే అత్తకు." రాణి ఉలిక్కిపడి శ్యాం వైపు చూసింది. శ్యాం నేల వైపు చూశాడు. లోపలి గొడవ ప్రభుదాస్ చల్లగా చెప్పేసినట్టున్నాడు. "నాకు చాలు. సూర్యాపేటాయనకు వద్దని చెప్త. అమ్మా స్రవంతి, సోమవారం నుంచి రా. హోటల్ వెనకనే ఇల్లున్నది. శ్యాంకు అక్కడ పని నేను చూపెడ్త, హైవే మీద లారీలకు ఏం కొదువ?"

శ్యాం లేచి నిలబడ్డాడు. తల్లి దగ్గరికి వచ్చాడు. ఆమె చేతిలో ఉన్న ఖాళీ గ్లాసు తీసుకున్నాడు.

"అవ్వా..."

"ఏం లేదు తీయ్," అంది రాణి. "నువ్వు సుత నా లెక్కనే. మంటెక్కువైతది నీకు."

సంతోషం వేసింది ఆమెకు. గట్టిగా, నిండుగా వేసింది. దాని వెనకే, పిల్లలు వెళ్ళిపోతారన్న మాట కూడా వచ్చి కూర్చుంది. తన నోటితో, తన వేలితో తనే పంపించింది వాళ్ళను. అయినా ఆ సంతోషం తగ్గలేదు. ఇదేం వింతో ఆమెకే అర్థం కాలేదు.

స్రవంతి మాత్రం ఇంకా గడప దగ్గరే నిలబడి ఉంది. శ్రీపాల్ వైపు తిరిగింది.

"వస్త సారు. గానీ సోమవారానికి గీ చేతులు మానవు. మానేదాక ఒత్తి చూసే వేలు నాకొకటి కావాలె. నా చెప్పుడు తెలిసిన వేలు."

శ్రేయకు ముందు అర్థమైంది. తర్వాత శ్యాంకు. ఒక్కొక్కరి చూపూ రాణి మీదికి తిరిగింది.

"నన్నా?" అంది రాణి. "నేను ఈ క్వార్టర్ దాట. చెప్పిన గదా వారం నుంచి."

"చెప్పినవ్ అత్తమ్మా."

"క్రిస్మస్ విందు ఎవరొండుతరు?"

"క్రిస్మస్‌కు ఇంకా శానా దినాలున్నయి."

ప్రభుదాస్ చేతిలో చాయ్ కప్పు పెదవి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇంట్లో అంతసేపూ ఎవరూ అడగని మాట ఆయనే అడిగాడు.

"మరి షిఫ్టు దిగి వచ్చినంక నాకు బువ్వ ఎవరు పెడ్తరే?"

రాణి భర్త వైపు చూడలేదు. కొంగు నడుముకు బిగించి, శ్రేయ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బిడ్డా," అంది, "మీ హోటల్ల పొయ్యి గట్టు నా నడుము దాక ఉంటదా, పైకుంటదా?"